కంట్లో గోదాము

మా ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో స్టోరు నా చేతికొచ్చి ఇరవై రెండేళ్లయింది. దూది, గాజుగుడ్డ, చుక్కల మందు సీసాలు, కంట్లో పెట్టే లెన్సులు, ఏది వార్డుకి వెళ్లాలన్నా ఈ బెహరా సంతకం పడాలి. నాకు కోపం ఎక్కువని మా వాళ్లంతా అంటారు. ఎక్కువేం కాదు, ఉండవలసినంతే ఉంది. జరిగింది చెబుతాను, విన్నాక మీకూ రాకపోతే అప్పుడు అడగండి.

లెన్సంటే ఏమిటో ముందు చెప్పాలి. కంటి లోపల పుట్టుకతో ఉండే లెన్సు వయసు మీరాక తెల్లబడుతుంది. దాన్నే శుక్లం అంటాం. డాక్టరు దాన్ని తీసేసి, ఆ చోట ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేసిన కొత్త లెన్సు పెడతారు. మినప్పప్పు బద్దంత ఉంటుంది, రెండు పక్కలా రెండు సన్నటి మీసాలు. ఒక్క క్రిమి కూడా లేకుండా శుద్ధి చేసి, ప్యాకెట్లో పెట్టి సీలు వేసి పంపుతారు. ఆ ప్యాకెట్టు ఆపరేషన్ బల్ల దగ్గరే విప్పాలి. ముందే విప్పితే ఇక అది కంట్లోకి పనికిరాదు, పారేయడమే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

ఎక్కడో ఒక సభలో ఒక పెద్దాయన లేచి, "జనం కళ్లలో ప్లాస్టిక్ పెడుతున్నారట, అది క్షేమమేనని ఎవరైనా చూశారా?" అని అడిగాడట. ఎందుకు చూడలేదు? ఎన్నో ఏళ్లుగా లోకమంతా చూస్తోంది, ఆ లెన్సుల్లోంచే చూస్తోంది. ఆ మాట అక్కడే చెబితే సరిపోయేది. చెప్పకుండా సంఘం వేశారు. దాని పేరు మానవ దేహాంతర్గత కృత్రిమ పదార్థ భద్రతా పర్యవేక్షక సంఘం. బోర్డు మా వరండాలో పట్టక సగం లోపలికీ సగం బయటికీ కట్టారు.

దానికి ఛైర్మన్‌గా శ్రీ త్రివిక్రమరావు గారు వచ్చారు. ముప్పై ఏళ్లు బియ్యం గోదాముల తనిఖీ చేసిన మనిషి. తనిఖీ తెలిసినవాడికి ఏ సరుకైనా ఒకటే అని పైవాళ్లు అనుకున్నారు. సోమవారం పొద్దున్నే ఆయన జీపు దిగారు. చేతిలో బస్తాలో గుచ్చి నాలుగు గింజలు లాగే ఇనప గొట్టం, వెనక బంట్రోతు చంకలో ధాన్యం తేమ కొలిచే మిషను.

"సరుకు ఎక్కడ?" అన్నారు.

"లెన్సులాండీ?" అన్నారు మా డాక్టరు హైమవతి గారు.

"అదే. సదరు సరుకు నిల్వ ఎంత, అందు తనిఖీ అయినది ఎంత, తనిఖీ కావలసినది ఎంత, వివరములు సమర్పించవలెను."

నిల్వ నాలుగు వందల ప్యాకెట్లని నేను చెప్పాను. ఎన్ని విప్పి చూశారని అడిగారు. ఒక్కటీ విప్పలేదన్నాను. ఆయన నా వంక చూసిన చూపు చెప్పలేను, నేనేదో నాలుగు వందల బస్తాలు అమ్ముకుతిన్నట్టు చూశారు.

"విప్పకుండా లోపల ఏమున్నదో ఎట్లు తెలియును?"

"విప్పితే పాడైపోతాయి సార్," అన్నారు హైమవతి గారు. "క్రిములు చేరతాయి. ఈ పదార్థం గురించి భయం అక్కర్లేదు. పూర్వం యుద్ధంలో విమానం అద్దం పగిలి పైలట్ల కళ్లలో ముక్కలు గుచ్చుకున్నాయి. ఏళ్లు గడిచినా ఆ ముక్కలు కంటిని ఏమీ చేయలేదు. అది చూసే ఒక డాక్టరుకి ఈ ఆలోచన వచ్చింది."

ఛైర్మన్ గారు శ్రద్ధగా విన్నారు. "మంచిది. సదరు పైలట్లచే స్వయముగా సంతకము చేయించిన ధ్రువపత్రములు రెండు ప్రతులలో దాఖలు చేయండి. అంతవరకు ఆపరేషన్లు నిలుపుదల చేయడమైనది."

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే మర్నాడు, మంగళవారం, మొదటి ఆపరేషన్ అసిరమ్మది.

అసిరమ్మ మా ఆసుపత్రి ఆయా. ముప్పై ఒక్కేళ్లుగా కళ్లకు గంతలు కట్టిన ముసలీ ముతకనీ చెయ్యి పట్టుకుని ఆపరేషన్ గదికి తీసుకెళ్లి, మళ్లీ మంచం దగ్గరకు చేర్చిన మనిషి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. ఉన్నది కుడి కన్ను ఒక్కటే, దానికిప్పుడు శుక్లం. బాగా ముదిరిపోయిందనీ, రెండు నెలల్లో తీయకపోతే లోపల ఒత్తిడి పెరిగి కన్నే పోతుందనీ హైమవతి గారు చెప్పారు. ఆవిడకి కావలసిన ఇరవై ఒకటి పవరు లెన్సు నేనే ఏరి విడిగా పెట్టాను.

సాయంత్రం గోడ తడుముకుంటూ స్టోరుకొచ్చింది.

"బెహరా బాబూ, రేపు నా ఆపరేసను ఉందా నేదా?"

"వాయిదా పడింది అసిరమ్మా. తనిఖీ వాళ్లొచ్చారు."

"ఆలు బియ్యం కొలిసేవోలు కాదేటి? గొట్టం అట్టుకొచ్చినారని సెప్పినారు. నా కంట్లో గుచ్చరు కదా?"

గుచ్చరని చెప్పాను. అప్పటికి నాకు ఆ నమ్మకం ఉంది.

మొదటి వారంలో పది ప్యాకెట్లు విప్పారు. లెన్సులు బాగున్నాయి. బాగున్నాయని తేలినవి పాడయ్యాయి, పాడవనివి బాగున్నాయని తేలలేదు. ఈ చిక్కు నేను రాతపూర్వకంగా పెట్టాను. దానికి ఛైర్మన్ గారి జవాబు ఒకే వాక్యం: "కావున మిగిలినవన్నియు విప్పవలెను."

రోజుకి ఇరవై, ముప్పై చొప్పున విప్పసాగారు. బియ్యానికి ఎన్ని పరీక్షలున్నాయో అన్నీ చేశారు. నానబెట్టారు. ఉడకబెట్టారు. మేడ మీంచి కింద పడేశారు, పగల్లేదు, దొరకనూ లేదు, పగలలేదన్నదే రాసుకున్నారు. ముక్కపురుగు పడుతుందేమోనని నలభై లెన్సులు గాజు సీసాలో పోసి ఇరవై ఒక్క రోజులు వరండాలో బల్ల మీద పెట్టారు. సీసా పక్కన బంట్రోతు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పురుగు వస్తే కబురు చెప్పాలి.

తర్వాత తేమ దగ్గర పడ్డారు.

"ధాన్యమునకు పదిహేడు శాతం దాటిన మేము అంగీకరింపము. కంట్లో తేమ ఎంత?"

"కన్నంటేనే నీళ్లు సార్," అన్నారు హైమవతి గారు. ఆవిడ గొంతులో అప్పటికే జీవం లేదు.

"అంత తడి ప్రదేశమందు సరుకు నిల్వ చేయుట ఏ నిబంధన క్రింద అనుమతించినారు? ఆరబెట్టండి."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఆపరేషన్ కోరువారు రెండు దినములు ఎండలో కూర్చుని కండ్లు ఆరబెట్టుకొనవలెను, మధ్యలో ఏడ్చినచో మొదటి నుండి లెక్కింపబడును. వరండా ముందు మా పేషెంట్లు వరసగా కూర్చున్నారు. ఆపరేషన్ ఎప్పుడో చెప్పరు, ఎండేమో చంపేస్తోంది, పాపం ఏడవక ఏం చేస్తారు? బంట్రోతు ప్రతి పూటా అందరినీ మొదటి రోజుకి తోసేవాడు.

ఆ మీదట సీలు గొడవ. తనిఖీ అయిన ప్రతి బస్తా మీద శాఖ ముద్ర ఉండాలి కాబట్టి ప్రతి లెన్సు మీద కూడా ఉండాలన్నారు. ముద్ర నల్లగా, చదవడానికి వీలుగా ఉండాలట. కంట్లో ముద్ర వేస్తే ఆ మనిషికి ఎటు చూసినా అదే కనిపిస్తుంది సార్, అన్నం మీదా అదే, మొగుడి మొహం మీదా అదే అని హైమవతి గారు మొత్తుకున్నారు.

"పౌరుడు ఏది చూసినను అందు ప్రభుత్వ ఆమోదము కనబడుట వాంఛనీయమే కదా," అన్నారు ఛైర్మన్ గారు.

అదృష్టం ఏమిటంటే అంత చిన్న రబ్బరు స్టాంపు చేసేవాడు మా జిల్లాలో దొరకలేదు. లేకపోతే ఈపాటికి మా ఊళ్లో సగం మంది ప్రపంచాన్ని స్టాంపు వెనకనుంచి చూస్తూ ఉండేవారు.

ఇరవయ్యో రోజున అసిరమ్మ చేసిన పని చెప్పాలి. ఆవిడకి అప్పటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. అలవాటు కొద్దీ వరండా తుడుస్తూ, బల్ల కాలు తగిలి పురుగుల పరీక్ష సీసాని కింద పడేసింది. బంట్రోతు టీకి వెళ్లాడు. గాజు ముక్కలు చేతికి తగిలినవి ఏరి, మిగిలిందంతా తడిగుడ్డతో ఊడ్చి ఫినాయిలు బకెట్లో పిండేసింది. నలభై లెన్సులూ అందులోకే పోయాయి. ఛైర్మన్ గారు బకెట్లో చెయ్యి పెట్టి రెండు లెన్సులు తీసి, రిజిస్టరులో "ఫినాయిలు పరీక్ష: ఉత్తీర్ణం" అని రాసుకుని, ఆ తర్వాత ఆవిడకి మెమో ఇచ్చారు. చదవడానికి ఆవిడకి కన్ను లేదు కాబట్టి నేనే చదివాను.

"సదరు ఆయా దృష్టిలోపము వలన సంఘపు సామగ్రికి నష్టము కలుగజేసినందున, ఈ మెమో అందిన ముప్పది దినములలోగా సంపూర్ణ దృష్టి సంపాదించి హాజరు కావలెను. లేనిచో విధుల నుండి తొలగింపబడును. దృష్టి సంపాదించు నిమిత్తము తనిఖీ కాని లెన్సు వాడరాదు."

"బాబూ, సూపు తెచ్చుకోమన్నాడా, తెచ్చుకోవద్దన్నాడా?" అంది అసిరమ్మ.

ఆవిడ కొంగుతో కన్ను తుడుచుకుని, "ఒకల సెయ్యట్టుకుని నడవడం నాకు సేతకాదు బాబూ, నాను అందర్నీ నడిపించినదాన్ని," అంది. ఆ రాత్రి ఇంట్లో ఆడవాళ్ల మీద ఊరికే కేకలేశాను.

నెల తిరిగేసరికి మూడు వందల నలభై లెన్సులు అయిపోయాయి. సంఘం నివేదిక పంపింది. పరీక్షించినవి మూడు వందల నలభై, సురక్షితమని తేలినవి మూడు వందల నలభై, అందు వాడుటకు మిగిలినవి సున్న. "కావున లెన్సుల వలన ప్రమాదము సంభవించు అవకాశము పూర్తిగా తొలగినది" అని ముగించారు. పైనుంచి అభినందనలు వచ్చాయి.

మిగిలింది ఒక్క పెట్టె, అరవై ప్యాకెట్లు. అసిరమ్మ లెన్సు కూడా అందులోనే దాచాను. ఆ పెట్టెని స్టోరు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పోయిందని చెప్పాను. నా ఉద్యోగంలో నేనాడిన మొదటి అబద్ధం అదే, సెలవు కోసం పై అధికారికి నా ఆరోగ్యం బాగులేదని చెప్పినవి లెక్కలోకి రావు.

తాళం పగలగొట్టడానికి అనుమతి కోసం ఛైర్మన్ గారు పైకి రాసి, ఖాళీగా ఉండలేక, ఇదివరకే కళ్లలో లెన్సులున్నవాళ్ల మీద పడ్డారు. అవీ తనిఖీ కాని సరుకే కదా! ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "కండ్లలో లెన్సులు కలిగియున్న పౌరులారా, సదరు లెన్సులతో సహా హాజరు కండి." లెన్సు విడిగా తీసుకురాలేరు కాబట్టి కంట్లో ఉండగానే టార్చి వేసి చూడవచ్చని ఆయనే ఉత్తర్వులో ఏడో పేరా చేర్చారు. గోదాముల్లో గొట్టంలోని గింజల్ని ఎడమ కన్ను మూసి కుడి కంటితో గురిపెట్టి చూడడం ఆయన పద్ధతి. ఇక్కడా అలాగే చూశారు.

రెండు వందల పద్నాలుగు మందిని చూశారు. అందరి లెన్సులూ మసకగా ఉన్నాయన్నారు.

"అదెలా సార్, వాళ్లు సూదిలో దారం ఎక్కిస్తున్నారు!" అన్నారు హైమవతి గారు.

"దారము ఎక్కించుట వేరు, నాణ్యత వేరు. మసకబారిన సరుకు వెలుపలికి తీసి స్టోరులో జమ చేయవలెను. రశీదు ఇవ్వబడును."

ఆ మాట బయటికి పొక్కిన గంటలో లెన్సులున్నవాళ్లంతా మాయమయ్యారు. మర్నాటి నుంచి ఊళ్లో మంచి చూపున్న ముసలివాళ్లందరూ కర్రలు పట్టుకుని, స్తంభాలు తడుముకుంటూ నడవడం మొదలెట్టారు. మా వీధి చివర పేపరు చదివే పెద్దాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. లెన్సు ఉందని అనుమానం రాకూడదు కదా!

మెమో గడువు ఆరు రోజుల్లోకి వచ్చింది. ఆ పూట ఏడో పేరా చదువుతూ ఉంటే నా బుర్రలో ఏదో వెలిగింది. కంట్లో ఉన్న సరుకుని కంట్లోనే చూడవచ్చు. అయితే కన్ను కూడా గోదామే. గోదాము నుంచి గోదాముకి సరుకు మార్చడానికి ముందు తనిఖీ అక్కర్లేదు, బదిలీ మెమో చాలు, చేరిన చోట చూసుకుంటారు. ఈ నిబంధన ఆయనే రోజూ భోజనాల దగ్గర చెబుతుంటారు. కాగితం తయారుచేసి పట్టుకెళ్లాను.

"ఒక లెన్సు, ఇరవై ఒకటి పవరు, స్టోరు బీరువా నుండి ఉపగోదాముకు బదిలీ. తాళంచెవి దొరికిందండి," అన్నాను.

ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఉపగోదాము ఎక్కడ?"

"వార్డులోనండి. అసిరమ్మ, కుడి వైపు."

"పక్కా గోదామేనా? వాన కారదు కదా?"

"పైన రెప్ప ఉందండి."

"ఎలుకలు?"

"ఒక్కటీ లేదండి."

"రాత్రులందు తాళము?"

"పొద్దుగూకగానే దానంతట అదే మూసుకుంటుందండి."

"తేమ?"

"ఆవిడ మీ సర్క్యులరు ప్రకారం ఎండలో కూర్చుందండి. ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది." ఈ మాట మటుకు నిజం.

ఛైర్మన్ గారి మొహం విప్పారింది. "ఇన్నాళ్లకు పద్ధతి తెలిసిన మనిషి దొరికినావయ్యా!" అని, పెట్టెలో మిగిలినవాటి మాటే మరిచి సంతకం పెట్టారు. "సరుకు చేరిన మరునాడు గమ్యస్థానమందు నేనే స్వయముగా తనిఖీ చేసెదను. బాగులేనిచో వెనక్కి తీసివేయవలెను."

మర్నాడు పొద్దున ఆపరేషన్ అయింది. పదిహేను నిమిషాల పని. తలుపు బయట నేను ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో నాకే తెలియదు. ఆ మర్నాడు కట్టు విప్పారు. అసిరమ్మ రెప్పలు కొట్టుకుని, ఫ్యాను వంక చూసింది, గోడ మీద బల్లిని చూసింది, తర్వాత నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"బెహరా బాబూ, నీ సొక్కా రొండో గుండీ ఊడిపోనాది. ఇంటికాడ సూడనేదేటి?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, గట్టిగానే ఏడ్చాను. హైమవతి గారు కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడు ఛైర్మన్ గారు టార్చితో వచ్చారు. అసిరమ్మ మంచం ముందు స్టూలు వేసుకుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గురిపెట్టారు. చాలాసేపు చూశారు. టార్చి విదిలించి మళ్లీ చూశారు. బ్యాటరీలు మార్పించి మళ్లీ చూశారు.

"మసక," అన్నారు.

"నిన్న పెట్టింది సార్! అద్దంలా ఉంది!" అన్నారు హైమవతి గారు.

"సరుకు మసకబారినది. వెలుపలికి తీసి జమ చేయవలెను." ఆయన కలం మూత తీశారు. ఉన్న ఒక్క కన్ను, దాంట్లో మళ్లీ కత్తి పెట్టడమంటే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

అసిరమ్మ కదల్లేదు. జానెడు దూరంలో ఉన్న ఆయన మొహాన్నే తదేకంగా చూస్తోంది.

"ఉండు బాబూ. ఆ ఎడం కన్ను తెరవకు. అలాగే నన్ను సూడు. నా మొకాన బొట్టుందా?"

"ఉన్నది," అన్నారు ఛైర్మన్ గారు. "కాదు... లేదు. వెలుతురు చాలదు."

"రూపాయి కాసంత ఎట్టుకున్నాను బాబూ, పొద్దున్నే. అది కనబడనేదా నీకు?" ఆవిడ గొంతు తగ్గించింది. "ముప్పయ్యొక్కేల్లు ఈ వార్డులో సుక్లాలు సూసినాను. ఇది నా కంట్లోది కాదు, నీ కుడి కంట్లోది. తెల్లగా పండిపోనాది."

హైమవతి గారు వెళ్లి ఆయన చేతిలో టార్చి తీసుకుని, ఆయన గడ్డం పైకెత్తి, ఆయన కంట్లోకే వేసి చూశారు.

"అవునండి. బాగా ముదిరింది. ఎడమ దాంట్లో కూడా మొదలైంది. ఇంకొన్ని నెలలు ఊరుకుంటే కష్టం."

ఛైర్మన్ గారు ఒక కన్ను మూసి గోడ మీద క్యాలెండరు చూశారు. రెండోది మూసి చూశారు. మళ్లీ మొదటిది మూశారు. ఎదురుగా ఉన్నది ఏ నెలో పోల్చుకోలేకపోయారు. మంచినీళ్లు అడిగి తాగారు. రెండు వందల పద్నాలుగు మంది పేర్లున్న జాబితా ఆయన ఒళ్లోంచి జారి కింద పడింది, తీసుకోలేదు. తర్వాత నా వైపు వంగి, ఎన్నడూ అననంత మెల్లగా, అచ్చం మామూలు మనిషిలా అడిగారు.

"బెహరా గారూ, ఆ పెట్టెలో విప్పని ప్యాకెట్టు ఏదైనా మిగిలిందా అండీ?"

"యాభై తొమ్మిది ఉన్నాయండి," అన్నాను. "ఎండలో కూర్చున్నవాళ్లు యాభై ఎనిమిది మంది. మీతో కలిపి సరిగ్గా సరిపోతాయి. అందరికీ ఒకే బదిలీ మెమో రాసి జేబులో పెట్టుకొచ్చాను."

కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన కలం తీశారు, సంతకం గీత ఎక్కడుందో కలం మొనకి దొరకడం లేదు. అసిరమ్మ మంచం మీంచి వంగి, ఆయన చెయ్యి పట్టుకుని గీత మీదికి తెచ్చింది.

"ఇక్కడ బాబూ," అంది.